ఎల్లారావు వీపు తిప్పి వేసేది

మదీనా బీ దేన్నీ వెంటనే నమ్మేది కాదు. పాలవాడు చెంబులో పాలు పోయగానే వేలు ముంచి, గోటి మీద బొట్టు నిలుస్తుందా జారుతుందా చూసేది. కిరసనాయిలు సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. బియ్యం గుప్పిట్లోకి తీసుకుని, ఊది, అరచేతిలో మిగిలిన దాన్ని బట్టి కొట్టువాడి మంచితనాన్ని కొలిచేది.

ఆనందపురం నుంచి కోళ్ల గంపతో పొద్దుటి బస్సు దిగే పైడితల్లికి ఆమెతో బేరమంటే ఒక పూట పని. మదీనా బీ పెట్ట రెక్కలు విప్పి చూసేది. రొమ్ము దగ్గర ఈకల్లోకి ఊది చర్మం రంగు చూసేది. కాళ్ల పొలుసులు గోటితో గీకి వయసు కట్టేది.

"కోడిని ఇంతసేపు సూత్తన్నావు, కోడల్ని ఎన్నాళ్లు సూసి తెచ్చుకున్నావే బీబమ్మా?" అని పైడితల్లి వేళాకోళమాడేది.

"ఆర్నెల్లు" అనేది మదీనా బీ, నవ్వకుండా.

విశాఖపట్నం వన్‌టౌన్‌లో హార్బరు గోడకి దగ్గరగా ఉన్న సందులో వాళ్ల ఇల్లు. ఓడల్లోకి ఇనప ఖనిజం ఎత్తే రోజున ఆరేసిన బట్టల మీద ఎర్రటి ధూళి పడేది. భర్త అబ్దుల్ రజాక్ హార్బరులో సరుకులెత్తే కళాసీగా చేసి, కొడుకు ఇద్రీస్‌కి పదిహేడేళ్లు నిండేసరికి పోయాడు. ఆయన పోయాక ఆమె అనుమానం ఇంకొంచెం పెరిగింది. మిగిలిన దాన్ని కాపాడుకోవడానికి ఆమెకి తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఆమె నాలుకని మాత్రం సందంతా నమ్మేది. మునిసిపాలిటీ నీళ్లు ఏ కుళాయివో చెప్పగలిగేది. పెళ్లి బిర్యానీకి దమ్ము పెట్టే ముందు వంటవాళ్లు గరిటెలో ఇంత మసాలా రసం తెచ్చి ఆమె ముందు నిలబడేవారు. ఆమె దాన్ని అరచేతిలో వేయించుకుని నాకి, ఉప్పు తక్కువ అనో, దాల్చినచెక్క పాతది అనో ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్లిపోయేది. వాళ్లు ఎదురు చెప్పేవారు కాదు.

ఆ నాలుక కొడుకు వంటని ఎరగదు. అదే ఆ ఇంట్లో పెద్ద పేచీ.

ఇద్రీస్ డెబ్బై అయిదులో బీచి రోడ్డు మీద ఒక హోటల్లో వంటింటి పనికి కుదిరాడు. ఓడల ఆఫీసర్లు దిగే హోటలు అది. పందితో సహా అన్ని రకాల మాంసమూ వచ్చేది, మందు సీసాలూ వచ్చేవి. చేరిన మొదటి వారమే మదీనా బీ అక్కడ ఏమేం వండుతారో అడిగి తెలుసుకుంది. ఆ రోజు నుంచి అక్కడి గిన్నె ఇంట్లోకి రాకూడదంది. కొడుకు చేతితో వండింది తను తిననంది. ఇద్రీస్ పనినుంచి వస్తూనే కుళాయి దగ్గర స్నానం చేసి, బట్టలు బయట తీగ మీద వేసి లోపలికి వచ్చేవాడు. ఆమె వడ్డిస్తే తినేవాడు. ఒకసారి కోడలు షంషాద్ పుట్టింట్లో ఉన్నప్పుడు మదీనా బీకి జ్వరం వచ్చింది. ఇద్రీస్ జావ కాచి తెచ్చాడు. ఆమె దాన్ని పక్కన పెట్టి, లేచి, గోడ పట్టుకుని వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. చల్లారిన జావ ఇద్రీస్ తనే తాగాడు.

"అక్కడ నాను ముట్టుకునేది కోడీ, సేపా అమ్మీ. మరేటీ లేదు" అని అప్పుడప్పుడూ చెప్పేవాడు. ఆ మాట మరీ తొందరగా వస్తుందని మదీనా బీ గమనించింది. తొందరగా వచ్చే జవాబుని ఆమె నమ్మదు.

ఎనభై మూడు డిసెంబరులో ఒక మంగళవారం సాయంత్రం ఇద్రీస్ చేతిలో చిన్న టిఫిను గిన్నెతో వచ్చాడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. షంషాద్ మూడు నెలల పిల్లని తీసుకుని ఆదివారం నాడే మద్దిలపాలెంలో పుట్టింటికి వెళ్లింది. ఇద్రీస్ గుమ్మం దాటలేదు. గిన్నె అరుగు మీద పెట్టి, తను కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇదేటి?"

"ఎల్లారావు ఆఖరుసారి సేసిన సూపు అమ్మీ. నువ్వు రుసి సూడాల."

మదీనా బీ గిన్నెని చూసింది. తర్వాత కొడుకుని చూసింది.

"నీ సేతి జావే తాగలేదు నాను. ఆడి సేతిది తాగుతానా?"

ఇద్రీస్ నెమ్మదిగా సంగతంతా చెప్పాడు. ఎల్లారావు భీమిలి మనిషి, ముప్పై ఏళ్లు ఓడల మీద వంట చేసి ఈ హోటల్లో పెద్ద వంటవాడిగా దిగాడు. కోడి మాంసంతో, పాలూ వెన్నా పోసి, మైదా ఉండలు వేసి చేసే తెల్లటి చిక్కటి సూపు అతని చేతి వంట. మెనూలో దానికి ఇంగ్లీషు పేరుంది, వంటింట్లో అందరికీ ఉండల సూపు. స్టీల్‌ప్లాంటు పనికి వచ్చిన రష్యా ఇంజినీర్లు ఎప్పుడొచ్చినా అదే అడుగుతారు. వయసైపోయిందని ఎల్లారావుని ఈ రోజుతో హోటలువాళ్లు పంపేశారు. శుక్రవారం రాత్రికి ముప్పై మంది భోజనం. ఆ సూపు ఇద్రీస్ చెయ్యాలి. అది కుదిరితే పెద్ద పొయ్యి అతనిది. కుదరకపోతే సోమవారం కలకత్తా నుంచి ఒక మనిషి తన వాళ్లని తీసుకుని వస్తాడు. అప్పుడు ఇద్రీస్‌కి అక్కడ పనే ఉండదు.

"ఎనిమిదేళ్లు పక్కన నిలబడ్డావు కదా. సెయ్యి."

"అంతా తెలుసమ్మీ. ఆఖర్న ఏసేది తెలీదు."

సూపు బయటికి పంపే ముందు ఎల్లారావు వచ్చేవాడు. వంటింటివాళ్లందరికీ వీపు తిప్పి నిలబడేవాడు. జేబులోంచి ఏదో తీసి, గుప్పిట్లో దాచి, గిన్నె మీద రెండుసార్లు చెయ్యి కదిపి, కలిపి వెళ్లిపోయేవాడు. బ్రాందీ అని ఒకడన్నాడు. పంది కొవ్వు ఎండబెట్టి కొట్టిన పొడి అని ఇంకొకడన్నాడు. ఈ రోజు ఎల్లారావు బస్సెక్కే ముందు ఇద్రీస్ అడిగాడు. ఎల్లారావు భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, "పొయ్యి ఆళ్లది, ఆళ్లకిచ్చీసినాన్రా. ఇది నాది. నాతోటే వత్తాది" అన్నాడట.

"నీకూ సెప్పలేదన్నమాట" అంది మదీనా బీ. ఆమెకి అందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు. "ఇన్నేళ్లు తాగినోడివి, నీ నాలికకి తెలీలేదా?"

ఇద్రీస్ గిన్నె మూత సరిచేశాడు.

"నాను తాగలేదమ్మీ. ఒక్కరోజూ మింగలేదు. ఎల్లారావు 'సూడరా' అని సెంచా ఇచ్చీవోడు. నాలిక మీద ఏసుకుని, అలా పక్కకెళ్లి ఉమ్మేసి, నోరు కడిగేసుకునీవోణ్ని."

"ఎవరూ సూడలేదా?"

"నానూ వీపు తిప్పీవోణ్నే."

మదీనా బీ ఈ మాటని కూడా వెంటనే నమ్మలేదు. కొడుకు ముఖం కేసి చూస్తూ కూర్చుంది. ఎనిమిదేళ్లు తను అనుమానించిన గిన్నెనే వీడూ అనుమానించాడా? అయితే అడిగినప్పుడల్లా ఏమీ లేదని ఎందుకు చెప్పాడు? ఆ ప్రశ్న అప్పటికి మింగేసింది. అరుగు మీదికి జరిగి గిన్నె మూత తీసింది. వాసన చూడటం తినడం కాదు.

కళ్లు మూసుకుంది. వెన్న. మిరియం. ఉల్లి. బిర్యానీ ఆకు. మైదా వెన్నలో వేగింది కానీ రంగు తిరగలేదు. పాలు గేదెవి. సారా వాసన ఆమెకి బాగా తెలుసు, హార్బరు సందులో బతికిన మనిషి. అదే వెతికింది. దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం తీరడానికి బదులు గట్టిపడింది. అంత బాగా దాచారంటే అది మామూలుది కాదు.

"కాలవలో పారబొయ్యి. గిన్నె బూడిదేసి మూడుసార్లు తోము" అంది. "రేపు నీకు సెలవు కదా. ఇక్కడ సెయ్యి. నా గిన్నెలో, నా కళ్లెదర. అప్పుడు సూద్దాం ఏది తక్కువో."

బుధవారం పొద్దున్న పైడితల్లి గంపలోంచి ఒక పెట్టని ఎంచడానికి ఆమెకి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. సందు చివర కొట్లో అయూబ్ దాన్ని కోస్తుంటే, బిస్మిల్లా చెప్పడం తన చెవితో వినేదాకా పక్కనే నిలబడింది. ఇంటికి వచ్చాక పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

ఇద్రీస్ కోడి ముక్కల్ని చన్నీళ్లలో వేసి, నాలుగు ముక్కలు చేసిన ఉల్లిపాయ, క్యారెట్టు, పది మిరియాలు, ఒక ఆకు వేసి సన్నటి సెగ మీద పెట్టాడు. పైకి తేలిన నురుగు తీసేస్తూ వచ్చాడు. హోటల్లో ఫారం కోడి ముప్పావుగంటకి ఉడికేది. ఈ నాటు పెట్టకి రెండు గంటలు దాటింది. "మంచిదాన్నే ఏరినాను" అంది మదీనా బీ. మాంసం ఎముక నుంచి జారే వేళకి ముక్కలు బయటికి తీసి, చల్లార్చి, పీచులుగా విడదీసి, నీళ్లు వడకట్టాడు.

ప్రతి వస్తువూ ఆమె చేతిలోంచే అతని చేతికి వెళ్లింది. వెన్న తను మీగడ చిలికి తీసింది. మైదా రెండుసార్లు జల్లించింది. అతను వంట సోడా పొట్లం విప్పితే, ఇదేటి తెల్లగా ఉందని చిటికెడు నాలుక మీద వేసుకుని చూసి ఇచ్చింది. అతను వెన్న కరిగించి అందులో మైదా వేశాడు. మాడనివ్వకుండా కలుపుతూ, కోడి రసం ఒక గరిటె, పాలు ఒక గరిటె, మళ్లీ రసం, అలా ఉండ కట్టకుండా పోసుకుంటూ వచ్చాడు. కొడుకు చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. వాడు వండుతుంటే దగ్గర కూర్చుని చూడటం ఆమెకి అదే మొదటిసారి. గరిటె తిప్పే తీరు తనదే. అది ఆమె పైకి అనలేదు.

మైదాలో సోడా, ఉప్పు, వెన్న వేసి పాలతో మెత్తగా కలిపి, చెంచాతో ఒక్కొక్క ఉండనీ ఉడుకుతున్న సూపు మీద జారవిడిచి మూత పెట్టాడు.

"పావుగంట మూత తియ్యకూడదమ్మీ."

"ఎందుకు?"

"తీత్తే పొంగవు."

అతను చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. మదీనా బీ మూత కేసి చూసింది. ఇంతసేపూ కళ్లెదుట జరిగిన వంటలో తనకి కనబడని చోటు ఇదొక్కటే. తియ్యకూడదని చెప్పిన మూతని ఆమె జీవితంలో ఎన్నడూ తియ్యకుండా ఉండలేదు. లేచి తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. లోపల ఉండలు తప్ప ఏమీ లేదు. మూత పెట్టేసి పీట మీద కూర్చుంది.

ఇద్రీస్ టైము చూసుకుని మూత తీసేసరికి ఉండలు పొంగకుండా అణిగి, బిగుసుకుపోయి, అడుక్కి దిగి ఉన్నాయి. గరిటెతో ఒకదాన్ని నొక్కి చూశాడు. తర్వాత తల్లి కేసి చూశాడు.

"నానే తీసినాను" అంది మదీనా బీ. అబద్ధమాడటం ఆమెకి చేత కాదు. "ఏటుందో సూద్దామని."

అతను కోప్పడలేదు. ఆ ఉండలు ఏరి పారేసి, మళ్లీ పిండి కలిపి, మళ్లీ వేసి మూత పెట్టాడు. ఈసారి ఆమె మసాలా నూరే కల్వం ఎత్తి తెచ్చి మూత మీద పెట్టింది.

"అదెందుకు?"

"నా సెయ్యిని నాను నమ్మను."

ఆ సమయంలోనే షంషాద్ పిల్లని ఎత్తుకుని మద్దిలపాలెం నుంచి వచ్చింది. బస్సులో ఎండ తగిలిందేమో పిల్ల ఏడుపు ఆపడం లేదు. షంషాద్ వాకిట్లోనే అత్తకి సలాం చెప్పి, లోపలి గదిలోకి వెళ్లి, చిన్న సానరాయి తీసింది. కడుపునొప్పి తగ్గి పిల్ల నిద్రపోవడానికి ఆ ఇంట్లో పిల్లలందరికీ పెట్టేదే. చుక్క పాలు వేసి జాజికాయ అరగదీయడం మొదలుపెట్టింది. గరగర చప్పుడుతో పాటు వాసన వంటింట్లోకి వచ్చింది.

మదీనా బీ తల ఎత్తింది.

ఆ వాసన మూడు నెలలుగా ఆ ఇంట్లో రోజూ ఉండేదే. మంగళవారం సాయంత్రం అరుగు మీద కూర్చుని గిన్నె మూత తీసినప్పుడు అది కూడా ముక్కుకి తగిలింది. ఇంటి వాసన అనుకుని దాన్ని పక్కన పెట్టేసింది. సారా కోసం వెతికింది.

"షంషాద్, నువ్వు ఎప్పుడెల్లినావు మీ అమ్మింటికి?"

"ఆదివారం పొద్దున్నే కదండీ అత్తయ్యా."

"ఈ రాయి?"

"నాతోటే పట్టుకెల్లినాను."

మదీనా బీ గదిలోకి వెళ్లి, కోడలి చేతిలోంచి జాజికాయ తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఆదివారం నుంచి రాయి ఈ ఇంట్లో లేదు. రెండు రోజుల గాలికి ఇంట్లో వాసన పోతుంది. మంగళవారం నాటి వాసన ఇంటిది కాదు. గిన్నెది.

"సూడు" అని కొడుకు ముక్కు కింద పెట్టింది.

ఇద్రీస్ వాసన చూశాడు. ముఖం మారిపోయింది. పొయ్యి పక్కన కింద కూర్చుండిపోయాడు.

"ఇదా?" అన్నాడు. "ఇంతేనా?"

"ఇంతేనో కాదో తర్వాత మాట. మూత తీసే టైమైందేమో సూడు."

కల్వం దించి మూత తీశారు. ఉండలు రెండింతలు పొంగి, తెల్లగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తేలుతున్నాయి. ఇద్రీస్ పీచు మాంసం అందులో వేసి కలిపాడు. జాజికాయ పొడిగా గీకి ఆకులో పెట్టుకున్నాడు. అక్కడ చెయ్యి ఆగింది.

"ఎంతెయ్యాలో తెలీదమ్మీ. నువ్వే సెప్పాల."

"ముక్కు పేరు సెప్తాది. ఎంతో సెప్పదు. అది నాలికే సెప్పాల. ఆడు సేసింది నా నాలిక మీద పడలేదు. నీ నాలిక మీద పడింది." ఆమె ఒక గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. "ఉమ్మకు. తాగు."

ఇద్రీస్ చిటికెడు వేశాడు, తాగాడు, తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కొంచెం వేశాడు. తాగాడు. మూడోసారి వేసి తాగాక గిన్నె కింద పెట్టాడు.

"ఇదే."

"ఎలా తెలుసు?"

"ఉమ్మేసినాక కూడా నాలిక మీద ఒకటి ఉండిపోయీది. ఎన్నిసార్లు పుక్కిలించినా పోయీది కాదు. అదేటో తెలీక బయమేసీది. ఇదే అది."

మదీనా బీ నమ్మడానికి దగ్గరగా వచ్చింది. అయినా ఒకటి మిగిలింది. ఎనిమిదేళ్లుగా అడుగుతున్నదే.

"జాజికాయ కాకుండా ఇంకేటీ ఏసీవోడు కాదని నీకు తెలుసా?"

ఇద్రీస్ తల్లి కళ్లలోకి చూశాడు. నోరు తెరిచి ఆగాడు. ఎప్పుడూ చెప్పే మాట ఈసారి తొందరగా రాలేదు.

"తెలీదమ్మీ" అన్నాడు. "అప్పుడూ తెలీదు. ఏటీ లేదని నీకు సెప్పీవోణ్ని గానీ, నాకు తెలీదు. ఇప్పుడు ఈ గిన్నెలో ఉన్నదొక్కటే తెలుసు."

పిల్ల ఏడుపు ఆగింది. లోపలి గదిలో షంషాద్ రాయి కడుగుతున్న చప్పుడు. మదీనా బీ కొంచెంసేపు పొయ్యిలో మంట కేసి చూసింది. తర్వాత తన కంచం తీసుకుని కొడుకు ముందు పెట్టింది.

అతను గరిటెడు పోశాడు. రెండు ఉండలు పడేలా పోశాడు. ఆమె ముందు ఉండని వేళ్లతో తుంచి, లోపల ఉడికిందో లేదో వెలుతురులో చూసింది. ఉడికింది. నోట్లో పెట్టుకుంది. మింగింది. తర్వాత కంచం ఎత్తి సూపు తాగింది. ఇద్రీస్ గరిటె పట్టుకునే చూస్తున్నాడు.

"ఉప్పు ఒక పిసరు తక్కువ" అంది. "ఇంకొంచెం పొయ్యి."

అతను మళ్లీ పోశాడు. అన్నం, కారం, పులుపు ఏమీ లేని ఆ తెల్లటి వంటని ఆమె మెచ్చుకోలేదు. ఇది జబ్బు మనుషుల తిండిలా ఉంది, రష్యావాళ్లకి పాపం పళ్లు లేవేమో అంది. కంచం మాత్రం ఖాళీ చేసింది.

శుక్రవారం ఇద్రీస్ వెళ్లేటప్పుడు ఉప్పు సంగతి గుర్తు చేసింది. ఆ రాత్రి అతను అక్కడే పడుకుని, శనివారం పొద్దున్న ఇంటికి వచ్చి, కుళాయి దగ్గర స్నానం చేసి, అరుగు మీద కూర్చున్నాడు. పెద్ద పొయ్యి తనకిచ్చారని చెప్పాడు. కలకత్తా మనిషిని రావద్దన్నారట. ఇది ఎల్లారావు సూపులా లేదని మేనేజరు అన్నాడట, అయినా అందరూ తాగేశారు కాబట్టి సరేనన్నాడట.

షంషాద్ నవ్వు దాచుకోలేక లోపలికి వెళ్లింది. మదీనా బీ బియ్యంలో రాళ్లేరుతూ, చేట మీంచి తలెత్తకుండా అడిగింది.

"అందరూ తాగినారని ఎవరు సెప్పినారు? మేనేజరా?"

"నానే సూసినాను. గిన్నెలు తోమే కాడికెళ్లి నిలబడ్డాను. ముప్పై గిన్నెలొచ్చినాయి. ఇరవై ఎనిమిది నాకీసినట్టున్నాయి. రెండింట్లో ఉండలు మిగిలినాయి."

మదీనా బీ చెయ్యి ఆగింది.

"ఆ రెండూ ఎవరివి?"

ఇద్రీస్ తెలీదన్నాడు.

"కనుక్కో" అంది ఆమె, చేట మళ్లీ ఊపుతూ.